ముందు వెళ్లిన బస్సుదే బేరం

మాంచెస్టర్‌లో చదువుకున్న తెలుగువాళ్లకి విల్మ్‌స్లో రోడ్డు గురించి వేరే చెప్పక్కర్లేదు. సిటీ సెంటర్ నుంచి యూనివర్సిటీ మీదుగా, రష్‌హోమ్ కబాబుల వాసన దాటుకుని, ఫాలోఫీల్డ్, డిడ్స్‌బరీ వైపు వెళ్లే దారి అది. యూరప్‌లోనే బస్సుల రద్దీ ఎక్కువగా ఉండే దారుల్లో ఒకటని చెబుతారు. నేను ఎంఎస్సీకి వచ్చిన 2006లో అక్కడ బస్సు కోసం ఎదురుచూడటం అన్న మాటే లేదు. ఒకటి కదిలేలోపు దాని వెనక ఇంకోటి ఆగేది. పెద్ద కంపెనీవాళ్ల నీలం రంగు మ్యాజిక్ బస్, దాని వెనకే ఓ చిన్న కంపెనీ పాత డబుల్ డెక్కర్. చేతిలో చిల్లర పట్టుకుని ఏది ముందొస్తే అది ఎక్కేవాళ్లం. ఆ ఏడాది చివర్లో పోటీ మరీ ముదిరి, సిటీ సెంటర్‌లో బస్సుల వెనక బస్సులు ఇరుక్కుపోయి ట్రాఫిక్ స్తంభించిన రోజులున్నాయి. ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు. ట్రాఫిక్ కమిషనర్ చర్యలతో చిన్న కంపెనీ రోడ్డు మీద నుంచి తప్పుకుంది. పెద్ద కంపెనీ మిగిలింది.

సగం ఖాళీగా తిరుగుతున్న ఇన్ని బస్సులకి డీజిల్ డబ్బులు ఎవరు పెడుతున్నారన్న ప్రశ్న అప్పట్లో మా విద్యార్థులెవరికీ రాలేదు. చవగ్గా వస్తోంది, ఎక్కాం. ఇప్పుడు ఇల్లు కొనేముందు స్కూలు ఎంత దూరం, బస్సు ఎన్ని నిమిషాలకి ఒకటి అని చూసుకునే వయసు వచ్చింది. పైగా ఇంగ్లండ్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉన్న చాలా ఊళ్లలో బస్సుల ఏర్పాటు మొత్తం మారుతోంది. ఎందుకు మారుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1920లలో బ్రిటన్ రోడ్ల మీద ఎవరు పడితే వాళ్లు బస్సులు నడిపేవాళ్లు. స్టాపుకి ముందుగా చేరాలని పందేలు వేసుకునేవాళ్లు. ఆ గోల భరించలేకే 1930లో రోడ్డు ట్రాఫిక్ చట్టం చేసి, ట్రాఫిక్ కమిషనర్లను పెట్టి, ఏ రూట్లో ఎవరు నడపాలో లైసెన్సులు ఇచ్చారు. ఆ పద్ధతి అర్ధ శతాబ్దం నడిచింది. ఆ తర్వాత థాచర్ ప్రభుత్వంలో రవాణా మంత్రి నికొలస్ రిడ్లీ దాన్ని తలకిందులు చేశారు. 1985 రవాణా చట్టం ప్రకారం 1986 అక్టోబర్ 26 నుంచి లండన్ బయట బ్రిటన్ అంతటా బస్సు రూట్లు ఎవరికైనా తెరిచిన తలుపే. ఆపరేటర్ లైసెన్సు ఉండి, 42 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు, నచ్చిన రూట్లో, నచ్చిన టైముకి, నచ్చిన ఛార్జీకి నడుపుకోవచ్చు. మానేయాలన్నా అంతే, 42 రోజుల నోటీసు.

రిడ్లీ వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. అప్పటి ప్రభుత్వ, మునిసిపల్ బస్సు కంపెనీల్లో ఖర్చులు పెరుగుతున్నాయి, సబ్సిడీలు పెరుగుతున్నాయి, ఎక్కే జనం మాత్రం తగ్గుతున్నారు. పోటీ పెడితే ఖర్చు తగ్గుతుంది, ఛార్జీ తగ్గుతుంది, జనం తిరిగి వస్తారని ఆయన లెక్క. అందులో మొదటిది నిజమైంది. కిలోమీటరుకి అయ్యే ఖర్చు బాగా తగ్గింది. దానికోసం డ్రైవర్ల జీతాలకి కోత పడింది. బస్సులు తిరిగే దూరం కూడా పెరిగింది. ఛార్జీలు మాత్రం తగ్గకపోగా పెరిగాయి, జనం తిరిగి రాలేదు. గ్రేటర్ మాంచెస్టర్‌లో కోవిడ్ ముందునాటికి బస్సు ప్రయాణాలు 1986తో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. అదే కాలంలో పోటీకి తెరవకుండా, రూట్లు తామే నిర్ణయించి టెండర్ల మీద కంపెనీలకి అప్పగించిన లండన్‌లో ప్రయాణాలు రెట్టింపు దాకా వెళ్లాయి. లండన్‌కి ఇచ్చిన సబ్సిడీ, 2003లో వచ్చిన కంజెషన్ ఛార్జీ, పెరిగిన జనాభా కూడా కారణాలే. అయినా ఆ తేడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

లెక్క ఎక్కడ తప్పింది?

బియ్యం కొట్టు పక్కన ఇంకో బియ్యం కొట్టు పెడితే రెండిట్లో రేట్లు చూసి, గింజ చూసి కొంటాం. బస్సు స్టాపులో ఎవరూ అలా చేయరు. వానలో నిలబడ్డవాడు ఏది ముందొస్తే అది ఎక్కుతాడు. వెనక వచ్చే బస్సు పది పెన్నీలు తక్కువని తెలిసినా ఆగడు. కాబట్టి ఆపరేటర్ గెలవాల్సింది ఛార్జీలో కాదు, టైములో. ఎదుటివాడి బస్సు 8:10కి ఉంటే మనది 8:08కి పెట్టాలి. వాడు 8:06కి జరిగితే మనం 8:04కి జరగాలి. అందుకే పోటీ రూట్లలో బస్సులు గుంపుగా వస్తాయి, ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఒక్కటీ ఉండదు.

మన ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. ఆర్టీసీ బస్సు స్టాపుకి వచ్చే రెండు నిమిషాల ముందు షేర్ ఆటోలు జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోవడం గుడివాడలోనో, జగిత్యాలలోనో పెరిగినవాళ్లు ఎవరైనా చూసే ఉంటారు. ఆటోకి పొద్దున రద్దీ ఉంటే చాలు. రాత్రి తొమ్మిదింటికి నలుగురి కోసం పల్లెకి వెళ్లాల్సిన బాధ్యత దానికి లేదు, ఆ నలుగురి కోసం ఆర్టీసీ వెళ్లాలి. బ్రిటన్‌లో 1986 తర్వాత జరిగింది కూడా ఇదే. పగటిపూట లాభం వచ్చే ట్రిప్పుల్ని కంపెనీలు తమవిగా నడుపుకునేవి, రాత్రిళ్లు, ఆదివారాలు గిట్టుబాటు కావని నోటీసు ఇచ్చేవి. అప్పుడు జనం ఇబ్బంది పడతారని కౌన్సిల్ టెండర్ పిలిచి, మన పన్నుల డబ్బుతో ఆ ట్రిప్పుల్ని మళ్లీ వేయించేది. తరచుగా ఆ టెండర్ దక్కేది నోటీసు ఇచ్చిన కంపెనీకే. వ్యాపారం అంటే అదీ!

ఇంకో సంగతి ఉంది. బస్సులో ఇద్దరున్నా అరవైమందున్నా డ్రైవర్ జీతం ఒకటే, ఇన్సూరెన్సు ఒకటే, బండి మీద తీసుకున్న అప్పు వాయిదా ఒకటే. ఉన్న ప్రయాణికుల్ని ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ నష్టమే. ఇక గెలుపు బాగా నడిపేవాడిది కాదు, ఎక్కువ కాలం నష్టం భరించగలవాడిది. పది ఊళ్లలో బస్సులున్న కంపెనీ తొమ్మిది ఊళ్ల లాభంతో పదో ఊళ్లో నష్టాన్ని పూడ్చుకుంటుంది. ఆ పదో ఊరు తప్ప వేరే ఏమీ లేని చిన్న ఆపరేటర్‌కి ఆరు నెలలు గడవడమే కష్టం. క్యాబ్ యాప్‌లు మొదట్లో కూపన్ల మీద కూపన్లు పంచి, ఊళ్లో టాక్సీలు తగ్గాక రేట్లు పెంచడం మనందరం చూశాం. మా సాఫ్ట్‌వేర్‌వాళ్లు దీనికి గొప్ప పేర్లు పెట్టారు గానీ, ఈ విద్యని బస్సులవాళ్లు ఎప్పుడో నేర్చేశారు.

డార్లింగ్టన్ కథ

దీనికి బ్రిటన్‌లో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఈశాన్య ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్. 1825లో ఆవిరి రైలు నడిచి చరిత్రకెక్కిన ఊరు. ఊరి బస్సుల్ని కౌన్సిల్ సొంత కంపెనీ నడిపేది. పోటీ దెబ్బకి అది నష్టాల్లో పడింది, 1994లో కౌన్సిల్ దాన్ని అమ్మకానికి పెట్టింది. స్టేజ్‌కోచ్ కూడా కొనాలని చూసింది గానీ కౌన్సిల్ వేరే కంపెనీని ఎంచుకుంది. స్టేజ్‌కోచ్ అంటే 1980లో స్కాట్లండ్‌లోని పెర్త్‌లో బ్రయాన్ సౌటర్, ఆయన అక్క ఆన్ గ్లోగ్ చిన్నగా మొదలుపెట్టి, 1993కల్లా స్టాక్ మార్కెట్‌కి చేర్చిన సంస్థ. బేరం కుదరకపోయేసరికి దాని అనుబంధ కంపెనీ బస్‌వేస్ నేరుగా డార్లింగ్టన్ రోడ్ల మీదకి వచ్చింది. కౌన్సిల్ కంపెనీ డ్రైవర్లకి వెయ్యి పౌండ్ల బోనస్ ఇచ్చి తనవైపు లాక్కుంది. తర్వాత బస్సుల్ని ఉచితంగా నడిపింది. టికెట్ డబ్బులు తీసుకోని బస్సుకి చట్టంలోని రూటు నోటీసు నిబంధన వర్తించదు. నోటీసు గడువు పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేకపోయింది.

ఉచితంగా వచ్చే బస్సుని వదిలి డబ్బులిచ్చి వేరేది ఎవరెక్కుతారు? కొనడానికి వచ్చిన కంపెనీ వెనక్కి తగ్గింది. 1994 నవంబర్‌లో డార్లింగ్టన్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ మూతపడింది. మరుసటి ఏడాది మోనోపలీస్ అండ్ మెర్జర్స్ కమిషన్ విచారణ జరిపి, బస్‌వేస్ చేసింది ఎదుటివాణ్ని కబళించే పద్ధతి అని, గర్హనీయమని, ప్రజాప్రయోజనానికి విరుద్ధమని గట్టిగానే రాసింది. అప్పటికి కాపాడడానికి కంపెనీ లేదు. 2007లో స్టేజ్‌కోచ్ తన డార్లింగ్టన్ బస్సుల్ని అరైవా కంపెనీకి అమ్మేసి ఊళ్లోంచి వెళ్లిపోయింది. పోటీ పేరుతో మొదలై చివరికి దాదాపు ఒకే కంపెనీ చేతిలో ఊరు మిగలడం ఒక్క డార్లింగ్టన్ రాత కాదు.

ఆ తర్వాత మూతపడ్డవాటిలో అన్నీ పోటీవల్లే పోలేదు. ఉత్తర వేల్స్‌లో రెక్సమ్ దగ్గరి జీహెచ్‌ఏ కోచెస్ 2016 జులైలో కుప్పకూలి 300 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. పల్లెల్లో ఒక్కసారిగా స్కూలు బస్సులు, ఆసుపత్రి బస్సులు లేకుండా పోయాయి. లివర్‌పూల్ పక్కనే విడ్నెస్‌లో 1909 నుంచి ఉన్న మునిసిపల్ సంస్థ హాల్టన్ ట్రాన్స్‌పోర్ట్ 2020 జనవరి 24న ఆగిపోయింది. తగ్గిపోతున్న ప్రయాణికులు, కౌన్సిళ్లకి కోతపడ్డ నిధులు, పెరిగిన ఖర్చులు అన్నీ కలిసి వచ్చాయి. సన్నని లాభంతో నడిచే వ్యాపారాన్ని పడగొట్టడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు.

ఇలా మూతపడటం లోపలి నుంచి ఎలా ఉంటుందో స్టాక్‌పోర్ట్‌లో బస్సు నడిపే ఒకాయన చెప్పారు. నిజామాబాద్ జిల్లా మనిషి, ఉగాది భోజనాల దగ్గర పరిచయం. మొదట ఒక చిన్న కంపెనీలో పనిచేశారు. "శుక్రవారం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన. పొద్దుగూకినంక ఫోన్ల మెసేజ్ వచ్చింది అన్నా, సోమవారం నుంచి రావద్దని. ఆ నెల జీతానికి ఎన్ని నెలలు తిరిగిన్నో నాకే ఎర్క" అన్నారు. పేపర్లో ఆ వార్త రెండు పేరాలు వచ్చింది. రూట్ల గురించే, మనుషుల గురించి కాదు.

కృష్ణా జిల్లా నుంచి ఒక కేసు

ఇదే సమస్యకి మన ప్రాంతం డెబ్బై ఏళ్ల కిందట వేరే జవాబు వెతికింది. హైదరాబాద్ సంస్థానంలో నిజాం రైల్వే 1932లోనే బస్సులు మొదలుపెట్టింది కాబట్టి తెలంగాణలో ప్రభుత్వ బస్సు పాతదే. కోస్తాలో అలా కాదు, అంతా ప్రైవేటు బస్సులే. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది, కృష్ణా జిల్లా రూట్లని జాతీయం చేసే పథకం తెరమీదికి వచ్చింది. ప్రైవేటు ఆపరేటర్లు ఊరుకోలేదు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అని లా చదివినవాళ్లు ఇప్పటికీ చదువుకునేది ఆ తగాదాయే. ఆపరేటర్ల అభ్యంతరాలు విన్నది ఒక కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది మరొకరు అయితే అది విచారణే కాదని సుప్రీంకోర్టు 1958 నవంబర్‌లో పథకాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారే. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విన్నారు, 1959లో పథకం నిలబడింది.

అంటే పోటీ వద్దనుకున్నాం, రూట్లన్నీ ఒక సంస్థకి ఇచ్చాం. పల్లెపల్లెకి ఎర్రబస్సు వచ్చింది, ఆడపిల్లలు కాలేజీకి వెళ్లారు. నష్టాలు మాయమయ్యాయా? లేదు. ఏళ్ల తరబడి ఆర్టీసీ పుస్తకాల్లో పేరుకున్నాయి. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రలో ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో కలిపేశారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకి ప్రయాణం ఉచితం. డార్లింగ్టన్ ఉచితానికీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ ఎదుటి కంపెనీని ముంచడానికి, ఇక్కడ ఖజానా నుంచి కట్టి ప్రజల కోసం. ఎవరో ఒకరు కట్టడం మాత్రం రెండుచోట్లా ఉంది.

ఇప్పుడు మాంచెస్టర్ చేస్తున్నది ఈ రెంటికీ మధ్యదారి. 2017 చట్టం ఇచ్చిన అధికారంతో మేయర్ ఆండీ బర్నమ్ 2021 మార్చిలో ఫ్రాంచైజింగ్ నిర్ణయం ప్రకటించారు. స్టేజ్‌కోచ్, రొటాలా కోర్టుకెళ్లాయి, 2022లో ఓడిపోయాయి. 2023 సెప్టెంబర్ 24న బోల్టన్, విగన్ వైపు పసుపు రంగు బీ నెట్‌వర్క్ బస్సులు మొదలై, 2025 జనవరి 5కి గ్రేటర్ మాంచెస్టర్ మొత్తం వచ్చేశాయి. రూట్లు, టైములు, ఛార్జీలు రవాణా సంస్థ నిర్ణయిస్తుంది. కంపెనీలు టెండర్ వేసి కాంట్రాక్టు మీద నడుపుతాయి. టికెట్ డబ్బులు కంపెనీకి కాదు, రవాణా సంస్థకి వెళ్తాయి. కోర్టుకెళ్లిన స్టేజ్‌కోచే ఇప్పుడు ఓల్డ్‌హామ్, స్టాక్‌పోర్ట్ డిపోల కాంట్రాక్టులు తీసుకుని పసుపు బస్సులు నడుపుతోంది!

ప్రయాణికుడిగా నాకు నచ్చింది. ఇంగ్లండ్ అంతటా బస్సు ఛార్జీ పరిమితి 2025లో మూడు పౌండ్లకి పెరిగినప్పుడు ఇక్కడ రెండు పౌండ్లే ఉంచారు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు. మా నాన్నగారు వచ్చినప్పుడు ఏ కంపెనీ బస్సుకి ఏ టికెట్ చెల్లుతుందో కాగితం మీద రాసి జేబులో పెట్టాల్సిన పని తప్పింది.

కానీ పన్ను కట్టేవాడిగా అడగాల్సినవి వేరు. ఇదివరకు బస్సు ఖాళీగా వెళ్తే నష్టం కంపెనీది. ఇప్పుడు కంపెనీకి కాంట్రాక్టు డబ్బు వస్తుంది, ఖాళీ సీట్ల నష్టం రవాణా సంస్థది, అంటే కొంత మన కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో మేయర్ పేరున ఉండే గీతది. రెండు పౌండ్ల టికెట్టు బాగుందని మెచ్చుకుంటూ ఆ గీత పెరిగినప్పుడు ఆశ్చర్యపోవడం కుదరదు. టెండర్లలో పెద్ద కంపెనీలకే ఎక్కువ డిపోలు దక్కాయి. చిన్నవాళ్లకి చిన్న ప్యాకేజీలు పెట్టారు గానీ, తరాలుగా సొంత పేరుతో బస్సులు నడిపిన కుటుంబాలకి ఈ పద్ధతిలో పెద్దగా చోటు లేదు. పోటీ వాళ్లలో కొందరిని ముంచింది, పోటీని తీసేయడం మిగిలినవాళ్లని పక్కకి నెట్టింది. అయినా రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను ఇప్పటి పద్ధతికే ఓటేస్తాను. నష్టం ఎంతో పుస్తకాల్లో కనబడుతుంది, మీటింగులో లేచి అడగొచ్చు. కంపెనీ మూతపడితే అడగడానికి ఎవరూ ఉండరు.

లీడ్స్, లివర్‌పూల్, షెఫీల్డ్, బర్మింగ్‌హామ్ ప్రాంతాలు ఇదే దారి పట్టాయి. 2025లో వచ్చిన కొత్త బస్సు సేవల చట్టం మిగతా ప్రాంతాలకీ ఈ దారి సులువు చేసింది, కౌన్సిళ్లు కొత్తగా సొంత బస్సు కంపెనీ పెట్టుకోకూడదన్న నిషేధాన్నీ తీసేసింది. మీ ప్రాంతంలో దీని మీద అభిప్రాయ సేకరణ కాగితాలు వస్తే రీసైక్లింగ్ డబ్బాలో వేయకండి. రాత్రి ఎనిమిది తర్వాత మీ పేటకి బస్సు ఉంటుందా, నష్టం వస్తే ఏ ఖాతా నుంచి కడతారు అన్న రెండు ప్రశ్నలైనా రాసి పంపండి.

నిజామాబాద్ డ్రైవర్ గారిని అడిగాను, మీకేం తేడా తెలిసింది అని. ఆయన నవ్వారు. "గప్పుడు ముంగట వేరే కంపెనీ బస్సు కనవడితే ఉరుకుడే అన్నా. గిప్పుడు టైం కంటే రెండు నిమిషాలు ముందొస్తే స్టాపుల ఆగాలె. ఊకె గట్ల నిలవడితే లోపట కూసున్నోళ్లు నన్ను తిడ్తున్రు."